వాక్యాన్నే పాఠంగా పెట్టుకోండి: ఇంట్లో జర్మన్ నేర్చుకునేవారి దినచర్య గురించి

జర్మన్ నేర్చుకోవాలని నిశ్చయించుకున్నవారు మొట్టమొదట అడిగే ప్రశ్న, ఎన్ని నెలలు పడుతుందన్నది. హైదరాబాదులో ఈ ప్రశ్న ఇప్పుడు రకరకాల ఇళ్ళలో వినిపిస్తోంది. నర్సింగ్ పూర్తిచేసి జర్మనీ ఆసుపత్రుల వైపు చూస్తున్న అమ్మాయిలు, అక్కడ మాస్టర్స్ చదవడానికి దరఖాస్తులు పెడుతున్న ఇంజనీరింగ్ విద్యార్థులు, భర్తో భార్యో అక్కడ ఉండగా వీసా కోసం ఎ1 అనే తొలి మెట్టు సర్టిఫికెట్ చూపించవలసి వచ్చినవారు, అక్కడికి వెళ్ళి ఉద్యోగం వెతుక్కోవడానికి 2024 జూన్‌లో జర్మనీ ప్రవేశపెట్టిన ఆపర్చ్యూనిటీ కార్డు గురించి విని ఆరా తీస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, అందరిదీ ఇదే ప్రశ్న. అమీర్‌పేటలో గోడల మీదా స్తంభాల మీదా దానికి సిద్ధంగా ఉన్న జవాబు 'మూడు నెలల్లో బి1'. ఆ జవాబును నమ్మి ప్రణాళిక వేసుకున్నవారు నెల తిరక్కుండానే పుస్తకం మూసేయడం చూస్తున్నాను. అందుకే, మొదటి అక్షరం నుంచి సొంతంగా జర్మన్ నేర్చుకోదలచినవారు తమ రోజును ఎలా అమర్చుకోవాలో, అందులో దేనికి పెద్దపీట వేయాలో కాస్త వివరంగా రాయాలనిపించింది.

ముందు లెక్క చూద్దాం. యూరప్ భాషలకు వాడే మెట్లలో ఎ1, ఎ2 ప్రాథమిక స్థాయిలు. బి1, బి2 ఇంకొకరి సాయం లేకుండా పని నడుపుకోగల స్థాయిలు. సి1, సి2 ప్రౌఢ స్థాయిలు. జర్మన్ పరీక్షలు నిర్వహించే గోథే సంస్థ అంచనా ప్రకారం ఎ1 పరీక్షకు 45 నిమిషాల తరగతులు 80 నుంచి 200 వరకు, బి1 పరీక్షకు మొదటినుంచి లెక్కవేస్తే 350 నుంచి 650 వరకు అవసరం. గంటల్లోకి మారిస్తే ఎ1కు 60 నుంచి 150 గంటలు, బి1కు సుమారు 260 నుంచి 490 గంటలు అవుతాయి. రోజుకు ఒక గంట క్రమం తప్పకుండా చదివేవారికి ఎ1 రెండు నుంచి అయిదు నెలల పని, బి1 తొమ్మిది నుంచి పదహారు నెలల పని. అదే బి1ను మూడు నెలల్లో ముగించాలంటే రోజూ మూడు గంటల నుంచి అయిదున్నర గంటల దాకా కూర్చోవాలి. ఉద్యోగం మానేసి, హాస్టల్లో ఉండి, పూర్తికాలం అదే పనిగా చదివేవారికి అది సాధ్యమే. గచ్చిబౌలిలో రోజంతా పనిచేసి రాత్రికి ఏ దిల్‌సుఖ్‌నగర్‌కో చేరుకునే మనిషికి సాధ్యం కాదు, సాధ్యం కానందుకు ఆ మనిషి తనను తాను తక్కువగా అనుకోవలసిన అవసరమూ లేదు. క్యాలెండరులో నెలలు గుర్తుపెట్టుకునే ముందు, తనకు రోజూ నిజంగా మిగిలే సమయం ఎంతో ఒక వారం పాటు కాగితం మీద రాసి చూసుకోవాలి. చాలామందికి అది గంటకూ గంటంబావుకూ మధ్య తేలుతుంది. నేనిక్కడ చెప్పేదంతా ఆ గంటను దృష్టిలో పెట్టుకునే.

గంట తేలిన తర్వాత దాన్ని దేనితో నింపాలన్నది అసలు చర్చ. మనవాళ్ళు సాధారణంగా దాన్ని పదాల జాబితాలతోనూ వ్యాకరణ పట్టికలతోనూ నింపుతారు. పదో తరగతి నుంచి ఎంసెట్ దాకా మనకు అలవాటైన చదువు అదే కాబట్టి భాషను కూడా అలాగే పట్టుకుంటాం. నేను అనేది, మొదటి ఆరు నెలలూ పూర్తి వాక్యమే మన పాఠం కావాలని. ఆ వాక్యాన్ని చెవితో విని, గొంతు విప్పి పలికి, చూడకుండా చెప్పగలిగిన తర్వాతే దాని వెనకున్న సూత్రాన్ని తెరిచి చూడాలని. దినచర్యలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న ప్రతి సందేహానికీ నాకు ఈ ఒక్క కొలమానం సరిపోతుంది.

మా పిన్నిగారి అబ్బాయి అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి జర్మన్ చదువుతున్నప్పుడు వాడి గదికి వెళ్ళాను. మంచం పక్కన గోడకు ఒక చార్టు అతికించి ఉంది. జర్మన్ నామవాచకం ముందు వచ్చే ఆర్టికల్‌కు మూడు లింగాలూ బహువచనమూ కలిపి నాలుగు నిలువు వరుసలు, నాలుగు విభక్తులకు నాలుగు అడ్డు వరుసలు, మొత్తం 16 గడులు, ఒక్కో లింగానికి ఒక్కో రంగు స్కెచ్ పెన్ను. "అన్నా, మొత్తం నోటికొచ్చు, ఎక్కడినుంచైనా అడుగు" అన్నాడు. అడిగాను. ఒక్క తప్పు లేకుండా చెప్పాడు. "సరే, 'నేను బస్సులో వెళ్తాను' అని జర్మన్‌లో చెప్పు" అన్నాను. వాడు బస్సు పుంలింగమని గుర్తుచేసుకున్నాడు, 'తో' అనే అర్థమున్న 'మిట్' తర్వాత డేటివ్ అనే విభక్తి వస్తుందని గుర్తుచేసుకున్నాడు, నామినేటివ్, అక్యుజేటివ్, డేటివ్ అని వేళ్ళు మడుస్తూ గోడవైపు తిరిగి గడిని వెతుక్కున్నాడు. జవాబు సరిగ్గానే వచ్చింది. కానీ అప్పటికి బస్సు వెళ్ళిపోయేంత సమయం గడిచింది. వాడి శ్రమలో ఏ లోపమూ లేదు. పట్టిక ఏం నేర్పగలదో అదే వాడికి వచ్చింది, గడిని వెతకడం.

ఆ 16 గడులను దగ్గరగా చూస్తే అందులో ఉన్న వేర్వేరు రూపాలు ఆరే: డేర్, డీ, డాస్, డేన్, డేమ్, డెస్. వీటిని మూడు వాక్యాలతో మొదలుపెట్టవచ్చు. బస్సు వస్తోంది: 'డేర్ బుస్ కొమ్ట్'. నేను బస్సు ఎక్కి వెళ్తాను అన్న అర్థంలో: 'ఇష్ నేమె డేన్ బుస్'. నేను బస్సులో వెళ్తాను: 'ఇష్ ఫారె మిట్ డేమ్ బుస్'. ఈ మూడింటినీ వారం రోజులు పొద్దున ఇరవైసార్లు, రాత్రి ఇరవైసార్లు పైకి చెప్పినవారికి పుంలింగపు మొదటి మూడు విభక్తులు నాలుక మీద ఉంటాయి. తర్వాత రైలు వస్తుంది, బల్ల వస్తుంది, డాక్టరు వస్తాడు. అన్నీ ఇదే దారిలో కూర్చుంటాయి. 'డేన్ బుస్' అన్నది చెవికి ఎంత అలవాటవుతుందంటే, ఎవరైనా 'ఇష్ నేమె డేర్ బుస్' అంటే ఎక్కడో తప్పు దొర్లిందని ముందు చెవికి తెలుస్తుంది, ఆ తర్వాత కారణం గుర్తుకొస్తుంది. మనం తెలుగులో 'డు, ము, వు, లు ప్రథమా విభక్తి' అని బడిలో వల్లించడానికి ఎన్నో ఏళ్ళ ముందే 'అమ్మకు చెప్తా', 'నాన్నతో వెళ్తా' అని తప్పులేకుండా మాట్లాడాం.

దీనికి వచ్చే ఆక్షేపణ నాకు తెలుసు. పిల్లలకు అలా ఏళ్ళ తరబడి వినే అవకాశం ఉంటుంది, పెద్దవాళ్ళకు అంత సమయం ఎక్కడిది, సూత్రం తెలిస్తే దారి దగ్గరవుతుంది కదా అంటారు. అందులో నిజముంది. అందుకే పట్టికను పారేయమనడం లేదు, దానికి ఆదివారం కేటాయించమంటున్నాను. ఆరు రోజులు నోటితో పలికిన 30 వాక్యాలను ఆదివారం ఎదురుగా పెట్టుకుని పట్టిక తెరిస్తే, ప్రతి గడిలోనూ మనకు తెలిసిన వాక్యం ఒకటి కూర్చుని కనిపిస్తుంది. అప్పుడు సూత్రం భారం కాదు, ఇదివరకే తెలిసినదానికి వివరణ అవుతుంది. ఇదే క్రమాన్ని తిప్పి, ముందు సూత్రం, తర్వాత ఉదాహరణ అని పెట్టుకుంటే పెద్దవాళ్ళ బుర్ర ప్రతి వాక్యాన్నీ లెక్కలా చేస్తూపోతుంది.

లింగం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే జర్మన్ మొదలుపెట్టినవారిని అన్నిటికంటే ఎక్కువ విసిగించేది అదే. బల్ల పుంలింగం, దీపం స్త్రీలింగం, పుస్తకం నపుంసకలింగం ఎందుకైందని అడిగితే జవాబు ఉండదు. కొన్ని ఆనవాళ్ళు మాత్రం ఉన్నాయి: 'ఉంగ్', 'హైట్', 'కైట్' అని ముగిసే మాటలు స్త్రీలింగం, 'షెన్' అని ముగిసేవి నపుంసకం. అందువల్లనే అమ్మాయి అనే అర్థమున్న 'మేట్‌షెన్' నపుంసకలింగమైంది. 'అమ్మాయి వచ్చింది', 'బండి వచ్చింది' అని ఒకే క్రియారూపం వాడే మనకు ఇది మరీ వింతగా అనిపించనక్కర్లేదు. ఆనవాళ్ళు లేని మాటలకు వాక్యమే దిక్కు, అయితే ఏ వాక్యం పడితే ఆ వాక్యం పనికిరాదు. 'ఒక' అనే అర్థంలో వచ్చే 'ఐన్' ప్రథమా విభక్తిలో పుంలింగానికీ నపుంసకానికీ ఒకేలా ఉంటుంది. 'ఐన్ టిష్', 'ఐన్ బూఖ్' అని రాసుకుంటే బల్లకూ పుస్తకానికీ తేడా తెలియదు. 'ఇష్ బ్రౌఖె ఐనెన్ టిష్' అని, నాకొక బల్ల కావాలి అన్న వాక్యంగా రాసుకుంటే లింగం బయటపడుతుంది. నోటుబుక్కులోకి ఎక్కించే ప్రతి వాక్యానికీ ఈ పరీక్ష పెట్టాలి.

వల్లె వేయడం అంటే మనలో చాలామందికి ఇప్పుడు చిన్నచూపు ఉంది. అర్థం తెలియకుండా బట్టీపట్టే చదువు మీద వచ్చిన విమర్శ న్యాయమైనదే కానీ, ఆ విమర్శతోపాటు గొంతెత్తి చదివే అలవాటు కూడా పోయింది. నాగోలు నుంచి రాయదుర్గం వరకు రోజూ మెట్రోలో వెళ్ళేవారిని గమనించండి. హిందీ మాట్లాడలేనివారు కూడా తర్వాతి స్టేషను పేరు, తలుపులు ఏ వైపు తెరుచుకుంటాయో చెప్పే హిందీ ప్రకటనను పొల్లుపోకుండా అప్పజెప్పగలరు. దానికోసం వారెవరూ కూర్చుని చదవలేదు. ఒకే వాక్యం, ఒకే గొంతు, ప్రతిరోజూ, అర్థం కళ్ళెదుట జరుగుతుండగా చెవిన పడింది. మన దినచర్యలో కావలసింది సరిగ్గా ఇదే ఏర్పాటు. ఈ సంగతిని మొదట కొలిచి చూసినవాడు కూడా జర్మన్‌వాడే. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి, ఎంత కాలానికి ఎంత మరచిపోతున్నాడో లెక్కగట్టి 1885లో ప్రచురించాడు. మరపు మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో వేగంగా ఉంటుందనీ, తర్వాత నెమ్మదిస్తుందనీ ఆయన చూపించాడు. కాబట్టి ఈరోజు నేర్చుకున్న వాక్యాన్ని ఈ రాత్రే ఒకసారి, రేపు ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి పలకరించడం అవసరం. జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ 1970లలో ప్రచారంలోకి తెచ్చిన కార్డుల పెట్టె పద్ధతి, అంటే కార్డుకు ముందు ప్రశ్న, వెనక జవాబు రాసి, వచ్చిన కార్డును ఆలస్యంగా, రానిదాన్ని త్వరగా తిరిగి చూసే పద్ధతి, ఈ అంతరాల మీదే నడుస్తుంది. ఫోనులో ఉచితంగా దొరికే యాంకిడ్రాయిడ్ అనే యాప్ అదే పనిని మన బదులు లెక్కపెట్టి చేస్తుంది.

ఇక ఆరంభం. మొదటి రెండు వారాలూ అర్థాల జోలికి పెద్దగా పోకుండా ధ్వనుల మీద గడపమని గట్టిగా చెప్తాను. ఈ రెండు వారాలు వృథా అనిపించి దాటేసినవారికి తర్వాత ఉచ్చారణ సరిదిద్దుకోవడానికి నెలలు పడుతుంది. తెలుగువారికి ఇక్కడ పెద్ద ఆసరా ఉంది. మన 'ఎ, ఏ', 'ఒ, ఓ' తేడా జర్మన్‌లోనూ ఉంది, అర్థాన్ని మార్చేంత బలంగా ఉంది. 'ఒఫెన్' అంటే తెరిచి ఉన్నది, 'ఓఫెన్' అంటే పొయ్యి. 'ష్టట్' అంటే నగరం, 'ష్టాట్' అంటే రాజ్యం. ఈ హ్రస్వదీర్ఘాలు మన చెవికి పుట్టుకతో వచ్చినవి. హైదరాబాదులో పెరిగినవారికి మరో రెండు ధ్వనులు అదనంగా చేతిలో ఉన్నాయి: అచ్చుకు ముందు వచ్చే జర్మన్ 'ఎస్' అక్షరం ఉర్దూలో 'జిందగీ' అన్నప్పటి మొదటి ధ్వనితో పలుకుతుంది, 'బూఖ్' చివరి ధ్వని ఉర్దూ 'ఖబర్' మొదటి ధ్వనిలాంటిది. కష్టపడవలసినవి మూడే. పైన రెండు చుక్కలుండే 'యు' (ü) కోసం నోట్లో 'ఈ' అంటూ పెదవులను 'ఊ' అన్నట్టు గుండ్రంగా ముడవాలి. అలాగే చుక్కల 'ఓ' (ö) కోసం 'ఏ' అంటూ పెదవులను 'ఓ' అన్నట్టు ముడవాలి. నేను ఇక్కడ 'ఇష్' అని రాస్తున్న మాట చివరి ధ్వనిని, నాలుకను 'య' స్థానంలో ఉంచి గాలి మాత్రం వదులుతూ పలకాలి. ఈ మూడూ అద్దం ముందు నిలబడి చేయవలసినవి. మాట చివర వచ్చే 'డ, గ' ధ్వనులు 'ట, క' అవుతాయి కాబట్టి రోజు అనే మాట 'టాక్' అని, కుక్క అనే మాట 'హుంట్' అని వినిపిస్తుంది.

ఈ వ్యాసంలో జర్మన్ మాటలను తెలుగు లిపిలో రాయడం చదువరుల సౌకర్యం కోసమే. మీ నోటుబుక్కులో అలా రాయవద్దు. తెలుగు అక్షరాలతో రాసుకున్న జర్మన్ పదం, విన్న ధ్వనిని చెరిపేసి మన ధ్వనిని దాని స్థానంలో పెడుతుంది. వినేది జర్మన్‌వారి గొంతు, రాసేది జర్మన్ అక్షరాలు, నామవాచకాలన్నీ పెద్ద అక్షరంతో మొదలుపెట్టి రాయడం తొలిరోజు నుంచే అలవాటు కావాలి.

ఈ రెండు వారాల్లోనే అంకెలు కూడా నోటికి రావాలి. 21ని జర్మన్‌లో ఒకటీ ఇరవై అన్న వరుసలో 'ఐన్ ఉంట్ ట్స్వాన్‌ట్సిష్' అంటారు. తెలుగు వరుసకు ఇది ఎదురు, కానీ బజారులో 'ఇక్కీస్, పచ్చీస్' అని బేరమాడే హైదరాబాదీలకు ఒకట్ల స్థానం ముందు పలకడం కొత్తేమీ కాదు. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ముందున్న బండి నంబరును రెండేసి అంకెలుగా విడదీసి జర్మన్‌లో చదవడం, బస్సు నంబర్లు చదవడం, ఇంట్లో ఫోన్ నంబర్లు చదవడం, వీటికి విడిగా సమయం కేటాయించనక్కర్లేదు.

తర్వాత చెప్పవలసింది ఏ భాష మీదుగా జర్మన్‌లోకి వెళ్ళాలన్నది. తెలుగుకూ జర్మన్‌కూ మధ్య దారి ఎంతో పాతది. మద్రాసులో ఉన్న జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 18వ శతాబ్దం తొలి సగంలోనే తెలుగు నేర్చుకుని లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు. అచ్చులో వచ్చిన తొలి తెలుగు పుస్తకాలు జర్మనీలోని హాలె నగరంలో 1746లో ఆయన చేతిమీదుగానే వెలువడ్డాయి. అయినా ఈరోజు మనం జర్మన్ చదివేటప్పుడు తెలుగును పూర్తిగా పక్కనపెట్టి, ప్రతి వాక్యాన్నీ ఇంగ్లీషులోకి మార్చి, అక్కడినుంచి జర్మన్‌లోకి దిగుతున్నాం. దీనివల్ల జరిగే నష్టం ఒకటి చూడండి. చలివేస్తే జర్మన్‌లో 'మీర్ ఇస్ట్ కల్ట్' అంటారు. 'మీర్' అంటే నాకు, అది డేటివ్ రూపం. తెలుగులో మనం 'నాకు చలిగా ఉంది' అనే అంటాం. ఇంగ్లీషు మీదుగా వెళ్ళినవారు 'నేను' అని మొదలుపెట్టి, నేను చల్లని మనిషిని అన్న అర్థం వచ్చేలా మాట్లాడతారు. 'నాకు నచ్చింది' అన్నప్పటి 'నాకు', 'నాకు తల నొప్పిగా ఉంది' అన్నప్పటి 'నాకు', జర్మన్‌లో అదే విభక్తిలో అదే చోట ఉంది: 'డాస్ గెఫెల్ట్ మీర్', 'మీర్ టూట్ డేర్ కొప్ఫ్ వే'. డేటివ్ అనగానే భయపడే తెలుగు విద్యార్థి తన జీవితమంతా వాడుతున్నది దాన్నే.

'నాకు ఈరోజు తీరిక లేదు కాబట్టి' అన్న వాక్యాన్ని తీసుకోండి. 'వైల్ ఇష్ హోయిటె కైనె ట్సైట్ హాబె' అని జర్మన్‌లో క్రియ చివరికి పోతుంది. ఉపవాక్యంలో క్రియ చివరికి పోవడం ఇంగ్లీషు మాత్రమే తెలిసినవారికి గొప్ప అవరోధం. క్రియతో వాక్యం ముగించే మనకు అది సొంత ఇల్లు. మనకు కొత్తగా అలవాటు కావలసింది, ప్రధాన వాక్యంలో క్రియ రెండో స్థానంలో నిలబడటం, విడిపోయే క్రియల్లో ఒక ముక్క అక్కడే ఆగి రెండోది వాక్యం చివరికి చేరడం: 'ఇష్ ష్టేహె ఉమ్ జెక్స్ ఊర్ ఔఫ్', నేను ఆరింటికి లేస్తాను. 'నువ్వు', 'మీరు' తేడా కూడా జర్మన్‌లో 'డూ', 'జీ' అని ఉంది కాబట్టి, ఎవరితో ఏది వాడాలన్న మన్నన మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇంగ్లీషుకు చేయవలసిన న్యాయం కూడా చేద్దాం. మాటల విషయంలో అది గొప్ప సాయం. 'వాసర్', 'హౌస్', 'గార్టెన్', 'హాంట్' లాంటి వందల మాటలు ఇంగ్లీషు వచ్చినవారికి సగం తెలిసినవే. మాటలను ఇంగ్లీషు దగ్గర, వాక్యాన్ని తెలుగు దగ్గర పోల్చి చూసుకోవాలి. అందుకే కార్డుకు ముందువైపు తెలుగు వాక్యం ఉండాలని నా పట్టుదల.

రోజు ఎలా ఉండాలో ఇప్పుడు చెప్పవచ్చు. పొద్దున లేచాక, ఇల్లు పూర్తిగా మేలుకోకముందే పాతిక నిమిషాలు, తలుపు వేసుకుని, గొంతు విప్పి. అందులో మొదటి పది నిమిషాలు పాత కార్డులు, మిగతాది కొత్త సంభాషణ ఒకటి. అమెరికా వేళల్లో పనిచేసేవారికి ఈ పొద్దుట వేళ మధ్యాహ్నం అవుతుంది. ఏ పూట అయినా సరే, నిద్ర లేచిన తర్వాతి మొదటి ఖాళీ సమయం దీనికి ఇవ్వాలి, అలసిపోయిన తర్వాతి సమయం కాదు. ప్రయాణంలో అదే సంభాషణను ఇయర్‌ఫోన్లలో మళ్ళీ మళ్ళీ వినాలి, కొత్తది వద్దు. మెట్రోలో బయటికి పలకలేం కాబట్టి ఆ సమయం చెవికి మాత్రమే. సొంత బండి మీద వెళ్ళేవారు ఇయర్‌ఫోన్లు పెట్టుకోకూడదు. వారు ఆఫీసు చేరాక భోజన విరామంలో నడుస్తూ వినవచ్చు. రాత్రి పడుకునే ముందు పదిహేను నిమిషాలు పెన్నూ కాగితమూ పట్టుకోవాలి.

ఆ రాత్రి పనిని కాస్త దగ్గరగా చూపిస్తాను. రెండొందల పేజీల రూళ్ళ నోటుబుక్కులో పేజీకి మధ్యలో నిలువుగా గీత. ఎడమవైపు ఆరోజు అయిదు వాక్యాలు తెలుగులో, మామూలుగా మనం ఇంట్లో మాట్లాడే తెలుగులో: 'తాళంచెవి ఎక్కడ పెట్టానో గుర్తులేదు', 'రేపు పొద్దున నాకు పని ఉంది'. కుడివైపు వాటి జర్మన్, పొద్దుటి పాఠంలోంచి తీసుకున్నవి లేదా దానిలో ఒక మాట మార్చినవి. రాత్రికి కుడివైపును పాత శుభలేఖ అట్టతో కప్పి, ఎడమవైపు చూస్తూ ఒక్కో వాక్యాన్నీ ముందు పలికి, తర్వాత విడి కాగితం మీద రాసి, అట్ట జరిపి సరిచూసుకోవాలి. తప్పు వచ్చినచోట ఎర్రగీత పెట్టి మొత్తం వాక్యాన్ని తిరిగి రాయాలి, తప్పు ముక్కను మాత్రమే దిద్దితే చేయి ఆ వాక్యాన్ని పూర్తిగా ఎప్పుడూ సరిగ్గా రాయనట్టే అవుతుంది. రోజుకు అయిదు వాక్యాలు అంటే చాలామందికి తక్కువగా కనిపిస్తుంది. వారానికి ఆరు రోజుల చొప్పున 20 వారాలకు 600 వాక్యాలు. గోథే సంస్థ ఎ1కు ఇచ్చే పదాల జాబితాలో ఉన్నవే సుమారు 650 మాటలు. సొంతం చేసుకున్న 600 వాక్యాల ముందు అది చిన్న జాబితా.

పాఠాల కోసం ఒక్కటే మూలం పెట్టుకోవాలి. జర్మనీ ప్రసార సంస్థ డోయిచె వెలె ఉచితంగా అందిస్తున్న 'నీకోస్ వేక్' అనే వీడియో కోర్సు ఎ1 నుంచి బి1 దాకా కథలా సాగుతుంది, సంభాషణలకు రాతప్రతి కూడా ఉంటుంది. ఇంట్లో నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి ఆరంభం నాకు కనిపించలేదు. లేదా ఆడియోతో, వర్క్‌బుక్కుతో వచ్చే పాఠ్యపుస్తకం ఏదైనా ఒకటి. ఆటలా సాగే యాప్‌లు ఖాళీ నిమిషాలకు పర్వాలేదు కానీ, తెరమీద కనిపించే నాలుగు మాటల్లోంచి ఒకటి ఎంచుకోవడం వేరు, ఖాళీ కాగితం ముందు వాక్యం కట్టడం వేరు. ఆ సమయాన్ని గంటలో కలుపుకోవద్దు.

ఆదివారం కొత్త వాక్యాలు ఉండవు. పట్టిక తెరవడం, వారం వాక్యాలను ఫోనులో సొంత గొంతుతో రికార్డు చేసి అసలు ఆడియోతో పోల్చి వినడం, ఒక సంభాషణను డిక్టేషన్‌లా విని రాయడం ఆదివారం పనులు. సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు, బోనాలకు చుట్టాలు వచ్చినప్పుడు గంట దొరకదు. ఆ రోజులకు ముందుగానే ఒక చిన్న దినచర్య రాసి ఉంచుకోవాలి: పది నిమిషాల పాత కార్డులు, అంతే. కొత్తవి ఆపినా నష్టం లేదు, పాతవాటిని ఆపితే తిరిగివచ్చేసరికి వందల కార్డులు పేరుకుని మనిషి బెదిరిపోతాడు. ఇంట్లో నేర్చుకునేవారు చదువు మానేసే ఘట్టాల్లో పండుగ తర్వాతి వారం ముఖ్యమైనదని నా నమ్మకం.

సొంతంగా నేర్చుకోవడం అంటే ఒంటరిగా నేర్చుకోవడమని అనుకోకూడదు. మూడో నెల నుంచి వారానికి ఒక్కసారైనా ఇంకొక మనిషితో జర్మన్‌లో మాట్లాడాలి. హైదరాబాదులో అలాంటి తోడు దొరకడం కష్టమేమీ కాదు. ఏ అపార్ట్‌మెంటులోనైనా జర్మనీకి సిద్ధమవుతున్న నర్సో విద్యార్థో ఒకరు ఉంటారు. ఇద్దరికీ రానిది కాబట్టి తప్పులు నేర్చుకుంటారని కొందరు భయపెడతారు. ఇద్దరూ ఆ వారం నోటికి వచ్చిన వాక్యాలతోనే మాట్లాడుకుంటే ఆ ప్రమాదం చాలా తక్కువ. అరగంట చాలు. ఆ తర్వాత కూడా ఉచ్చారణ మీదా రాత మీదా అనుమానాలు మిగిలితే అప్పుడు గురువు దగ్గరికి వెళ్ళాలి. బంజారాహిల్స్‌లోని గోథే సెంట్రం, తార్నాక దగ్గరున్న ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) జర్మన్ విభాగం మన ఊళ్ళోనే ఉన్నాయి. 600 వాక్యాలు నోట ఉన్న విద్యార్థి గురువును అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి, ఆ ఫీజుకు దక్కే ఫలితమూ వేరుగా ఉంటుంది.

పరీక్ష తేదీని మొదటి రోజే నిర్ణయించుకోమని సలహా ఇచ్చేవారున్నారు. నేను వద్దంటాను. ఎ1 పరీక్షలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం నాలుగూ ఉంటాయి, వందకు 60 వస్తే ఉత్తీర్ణత. మాట్లాడే భాగంలో తన గురించి చెప్పుకోవాలి, పేరును అక్షరం అక్షరంగా చెప్పాలి, ఒక నంబరు చెప్పాలి, కార్డు మీది విషయం గురించి ఒక ప్రశ్న అడగాలి, చిన్న కోరిక కోరాలి. నమూనా ప్రశ్నపత్రాలు గోథే వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి. నాలుగో నెల చివర ఒక నమూనా పత్రం గడియారం పెట్టుకుని రాసి, 75 దాటితే అప్పుడు తేదీ తీసుకోవాలి. వీసా గడువు ఉన్నవారికి ఈ వెసులుబాటు ఉండదు. వారు రోజుకు రెండు గంటలు కేటాయించి ఇదే పద్ధతిని రెట్టింపు వేగంతో నడపాలి, వాక్యాలను వదిలేసి పాత ప్రశ్నపత్రాల మీద పడకూడదు.

ఎ2లోకి వచ్చాక దినచర్య మారాలి. కొత్త వాక్యాలు రోజుకు మూడుకు తగ్గించి, మిగిలిన సమయాన్ని చదవడానికీ వినడానికీ ఇవ్వాలి. డోయిచె వెలె నెమ్మదిగా చదివి వినిపించే వార్తలు రాతప్రతితో సహా దొరుకుతాయి; మొదట్లో ఒక్క వార్త చాలు, దాన్నే వారమంతా వినాలి. బి1 పరీక్షలో నాలుగు విభాగాలనూ విడివిడిగా రాసే వీలుంది, ప్రతి విభాగంలోనూ విడిగా 60 రావాలి. ఈ పద్ధతిలో వచ్చినవారికి వినడం, మాట్లాడటం ముందు సిద్ధమవుతాయి, రాయడం వెనకబడుతుంది. కాబట్టి ఆ రెండు విభాగాలకు ముందు తేదీ తీసుకుని, చివరి రెండు నెలలూ రాత్రి పదిహేను నిమిషాలను అరగంట చేసి, రోజుకు 80 మాటల ఉత్తరం ఒకటి స్నేహితునికి, ఇంకొకటి ఇంటి యజమానికో ఆఫీసుకో రాస్తున్నట్టు రాసి, రాసిన ప్రతిదాన్నీ వారానికి ఒకసారి జర్మన్ బాగా వచ్చిన మనిషి చేత దిద్దించుకోవాలి.